పుదుచ్చేరి నుంచి ఆరువందల కిలోమీటర్లు

భారతదేశ పటం మీద స్కేలు ఒక కొస పుదుచ్చేరి విమానాశ్రయమున్న లాస్‌పేట మీద, రెండో కొస హైదరాబాద్ విమానాశ్రయమున్న శంషాబాద్ మీద ఆనించి పెన్సిలుతో గీత గీస్తే, అది మనకు బాగా తెలిసిన నేల మీదుగానే పోతుంది. తిండివనం పక్కనుంచి ఉత్తరానికి సాగుతుంది. అరక్కోణానికి కాస్త పడమరగా వెళ్లి తమిళనాడు పొలిమేర దాటుతుంది. ఇంచుమించు తిరుమల కొండల మీదుగా పోయి, బద్వేలు, గిద్దలూరు తాకుతూ నల్లమల అడవిలోకి చొరబడుతుంది. శ్రీశైలానికి కొంచెం పడమట కృష్ణ దాటి, అచ్చంపేట మీదుగా శంషాబాద్ చేరుతుంది. ఆ గీత పొడవు సుమారు 600 కిలోమీటర్లు. రోడ్డు మీద వెళ్తే 750 కిలోమీటర్ల పైచిలుకే.

ఈ దారిలో నడిచే ఏటీఆర్ విమానం గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో ఎగరగలదు. ఆ లెక్కన 600 కిలోమీటర్లకు గంటా పన్నెండు నిమిషాలు చాలాలి. టైంటేబుల్ మాత్రం గంటా ముప్పావు దాకా చూపిస్తుంది. ఇంటి గడప దాటింది మొదలు హైదరాబాద్‌లో చుట్టాలింటి గడప తొక్కేదాకా లెక్కపెడితే అయిదు గంటలు. దూరం అదే, మనిషి అదే, విమానం అదే. గంటా పన్నెండు నిమిషాలు అయిదు గంటలెలా అయింది? విమాన ప్రయాణం గురించి మామూలు మనిషి తెలుసుకోవలసినవి చాలావరకు ఈ ఒక్క ప్రశ్నలోనే ఉన్నాయి.

ముందు దూరం సంగతి. ఇంటర్నెట్‌లో రెండు ఊళ్ల పేర్లు కొడితే క్షణంలో వచ్చే ఆ అంకె ఎక్కడినుంచి వస్తుందో చేత్తో కూడా చూడొచ్చు, పదో తరగతి లెక్కలు వస్తే చాలు. పుదుచ్చేరి విమానాశ్రయం ఉత్తర అక్షాంశం 11.97 డిగ్రీలు, శంషాబాద్‌ది 17.23 డిగ్రీలు. తేడా 5.26 డిగ్రీలు. మన ప్రాంతంలో ఉత్తర దక్షిణాలుగా ఒక్కో డిగ్రీకి సుమారు 110.7 కిలోమీటర్లు వేసుకుంటే 582 కిలోమీటర్లు తేలుతుంది. ఇక తూర్పు పడమరలు. పుదుచ్చేరి రేఖాంశం 79.81, శంషాబాద్ 78.43, తేడా 1.38 డిగ్రీలు. రేఖాంశ రేఖలు ధ్రువాల వైపు పోయే కొద్దీ దగ్గరవుతాయి కనుక మన అక్షాంశాల దగ్గర ఈ డిగ్రీ కొంచెం పొట్టిది, సుమారు 107.7 కిలోమీటర్లు. అంటే 149 కిలోమీటర్లు. ఈ రెండిటినీ లంబకోణ త్రిభుజం భుజాలుగా తీసుకుని పైథాగరస్ సూత్రం వేస్తే కర్ణం 601. కంప్యూటరు చెప్పేదానికి దీనికి చెప్పుకోదగ్గ తేడా రాదు.

ఇది దగ్గరి ఊళ్లకే సరిపోయే లెక్క. దూరం వేల కిలోమీటర్లయితే భూమి గుండ్రనితనం అడ్డొస్తుంది. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగితే అది ఏ దారిన పడుతుందో అదే అతి దగ్గర దారి. గోడ పటం మీద ఆ దారి వంకరగా, ఉత్తరానికి ఉబ్బినట్టు కనిపిస్తుంది. అమెరికా వెళ్లే తెలుగు పిల్లలు సీటు ముందు తెరలో విమానం ఉత్తర ధ్రువం వైపు పోతుండటం చూసి ఆశ్చర్యపోయేది అందుకే. పుదుచ్చేరి–హైదరాబాద్ మార్గం పొట్టిది, పైగా ఇంచుమించు నిట్టనిలువుగా ఉత్తరానికి పోయేది. కాబట్టి ఇక్కడ స్కేలు గీతకూ దారపు గీతకూ తేడా ఉండదు.

అయితే విమానం ఈ గీత మీదే ఎగురుతుందని అనుకోకూడదు. ఆకాశంలోనూ దారులున్నాయి. గుర్తు బిందువులు, వాటికి పేర్లు, ఒకదాన్నుంచి ఇంకొకదానికి పోయే ఎత్తులు అన్నీ ముందే నిర్ణయించి ఉంటాయి. పైలట్ ఆ బిందువులను కలుపుకుంటూ, కింద కంట్రోల్ గదిలో ఉన్నవాళ్లు చెప్పినట్టు నడుపుతాడు. కొన్నిచోట్లకు పోనివ్వరు. కల్పాక్కం అణుకేంద్రం మీద ఎగరడానికి వీల్లేదు. అరక్కోణంలో నౌకాదళం వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ రాజాలి ఉంది, ఆ పరిసరాల ఆకాశం వాళ్ల అవసరాలకు పోతుంది. శ్రీహరికోటలో రాకెట్ వదిలే రోజున సముద్రం వైపు దారులు కొంతసేపు మూసేస్తారు. తిరుమల కొండ మీదుగా విమానాలు తిరగకూడదని తిరుమల తిరుపతి దేవస్థానం కేంద్రాన్ని ఎన్నోసార్లు కోరుతూ వచ్చింది. పుదుచ్చేరి–హైదరాబాద్ సరళరేఖ ఆ కొండ మీదనుంచే పోతుందంటే, ఆ కోరిక ఎలాంటి దారులకు తగులుతుందో ఊహించుకోవచ్చు. ఇలా అటూ ఇటూ తిరగడంలో దూరం కొంత పెరుగుతుంది. ఎక్కడానికి, దిగడానికి రన్‌వే దిక్కుకు తగ్గట్టు విమానం తిరగాలి కదా, దానికీ కొన్ని కిలోమీటర్లు పోతాయి.

ఇప్పుడు విమానం దగ్గరకు వద్దాం. ఇన్ని విమానాలుండగా పుదుచ్చేరికి రెక్కల ముందు పంకాలు తిరిగే ఏటీఆర్ ఎందుకొస్తుంది? జవాబు లాస్‌పేట నేలలో ఉంది. అక్కడి రన్‌వే పొడవు సుమారు 1,500 మీటర్లు. శంషాబాద్‌లో 4,260 మీటర్ల రన్‌వే ఉంది. చెన్నై, హైదరాబాద్‌ల మధ్య తిరిగే ఎయిర్‌బస్ ఏ320 లాంటి జెట్ నిండుగా మనుషులతో, ఇంధనంతో లేవాలంటే రెండు కిలోమీటర్ల పైనే పరుగు కావాలి. 70 పైచిలుకు సీట్లున్న ఏటీఆర్ 72–600కు మామూలు వాతావరణంలో నిండు బరువుతో 1,300 మీటర్ల పైన కొద్దిగా చాలు. రోహిణి కార్తె ఎండల్లో గాలి వేడెక్కి పలచబడుతుంది, పలచటి గాలి రెక్కను లేపేది తక్కువ, ఇంజన్‌కిచ్చే బలమూ తక్కువే. అప్పుడు పరుగు ఇంకా కావాలి. 1,500 మీటర్ల రన్‌వే మీద ఏటీఆర్‌కు మిగిలే వెసులుబాటు అంతంత మాత్రమే.

రన్‌వే పెంచమనే మాట పుదుచ్చేరిలో ఏళ్ల తరబడి నడుస్తోంది. అందుకు కావలసిన భూమిలో పెద్ద భాగం పొరుగున ఉన్న తమిళనాడు విల్లుపురం జిల్లాది. లాస్‌పేటలో నిలబడి చూస్తే ఇది అర్థమవుతుంది: కేంద్రపాలిత ప్రాంతం సరిహద్దు ఇక్కడ సాఫీగా పోయే గీత కాదు, ఊళ్ల మధ్య ముక్కలు ముక్కలుగా అల్లుకుపోయి ఉంటుంది. ఫ్రెంచి, బ్రిటిష్ కాలాల్లో గీసిన హద్దులు ఇవాళ ఒక విమానం ఎంత దూరం పరుగెత్తాలో తేల్చుతున్నాయి.

ఏ విమానం వస్తుందన్నదాన్ని బట్టి గాలిలో గడిపే సమయం మారుతుంది. 2017 ఆగస్టులో చిన్న ఊళ్ల విమాన సర్వీసులకు ప్రభుత్వం సాయం చేసే ఉడాన్ పథకం కింద పుదుచ్చేరి–హైదరాబాద్ సర్వీసు మొదలైనప్పుడు స్పైస్‌జెట్ బొంబార్డియర్ క్యూ400 విమానం నడిపింది. అదీ పంకాల విమానమే కానీ గంటకు 650 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. 600 కిలోమీటర్లను ఆ వేగంతో భాగిస్తే 55 నిమిషాలు, ఏటీఆర్‌కు 72. అంటే పదిహేడు నిమిషాల తేడా. అదే జెట్ అయితే గంటకు 800 పైన పోతుంది కనుక 45 నిమిషాలు. లెక్కలో ఇదంతా పెద్ద తేడాలాగే కనిపిస్తుంది. ప్రయాణం మొత్తం మీద చూస్తే కాదు. దానికి వద్దాం.

టైంటేబుల్‌లో రాసే సమయం గాలిలో ఉండే సమయం కాదు. విమాన సంస్థలు దాన్ని బ్లాక్ టైమ్ అంటాయి. నిలబడి ఉన్న విమానం చక్రాలకు ముందూ వెనకా అడ్డుదిమ్మలు పెట్టి ఉంచుతారు. వాటిని తీసి విమానం కదిలిన క్షణం నుంచి, అవతలి ఊళ్లో ఆగి మళ్లీ ఆ దిమ్మలు పెట్టిన క్షణం దాకా బ్లాక్ టైమ్. లాస్‌పేటలో సిబ్బంది ఆ పసుపుపచ్చ దిమ్మలు లాగేసి పక్కకు జరగడం ఏటీఆర్ కిటికీలోంచి బాగా కనిపిస్తుంది, ఎందుకంటే ఈ విమానానికి రెక్క కిటికీల పైన ఉంటుంది, చూపుకు అడ్డు రాదు. అక్కడినుంచి గడియారం మొదలు. రన్‌వే కొసకు మెల్లగా నడవాలి, తిరగాలి, అనుమతి కోసం ఆగాలి. లేచాక ఎత్తుకు పోవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఆ పైకెక్కే వేళ వేగం గంటకు మూడువందల పైన కొద్దిగానే. పదిహేడు, ఇరవై వేల అడుగుల దగ్గర పూర్తి వేగం అందుకుని కాసేపు సాగిందో లేదో, దిగడం మొదలు. శంషాబాద్ లాంటి రద్దీ విమానాశ్రయంలో ముందున్న విమానాల వెనక వరసలో నిలబడాలి. దిగాక టెర్మినల్ దాకా మళ్లీ నడక.

ఈ లేవడం, దిగడం, నేల మీద పాకడం అన్నిటివల్లా అదనంగా పోయేది దాదాపు అరగంట. దూరం వందయినా వేయి అయినా ఈ అరగంట తప్పదు. అందుకే పొట్టి ప్రయాణాల్లో విమానం సగటు వేగం చాలా తక్కువ. పుదుచ్చేరి–హైదరాబాద్ 600 కిలోమీటర్లకు గంటా ముప్పావు అంటే గంటకు 343 కిలోమీటర్లు. చెన్నై–హైదరాబాద్ సరళ దూరం 505 కిలోమీటర్లు. జెట్‌కు గంటంబావు వేసుకుంటే గంటకు 404. అదే జెట్ చెన్నై నుంచి 2,924 కిలోమీటర్ల సింగపూర్‌కు నాలుగు గంటలా పది నిమిషాల్లో పోతే సగటు 700 దాటుతుంది. యంత్రం అదే. అరగంట భారం ఎన్ని కిలోమీటర్ల మీద పరుచుకుందన్నదే తేడా.

దీన్నుంచి ఎవరైనా వాడుకోదగ్గ చిన్న లెక్క ఒకటి తీయొచ్చు. జెట్ ప్రయాణమైతే కిలోమీటర్లను 800తో భాగించి అరగంట కలపండి. ఏటీఆర్ అయితే 480తో భాగించి అరగంట కలపండి. 600ను 480తో భాగిస్తే గంటంబావు, అరగంట కలిపితే గంటా ముప్పావు. టైంటేబుల్ చెప్పేదీ అంతే. టికెట్ కొనేముందు ఏ రెండు ఊళ్ల మధ్యయినా ఈ లెక్క వేసి చూడండి. జవాబుకూ టైంటేబుల్‌కూ బాగా తేడా వస్తే, మధ్యలో ఎక్కడో దిగి ఎక్కాలన్నమాట, లేదా గాలి అడ్డమన్నమాట.

గాలి సంగతి తెలియాలంటే గల్ఫ్ వెళ్లొచ్చే మనవాళ్లను అడగాలి. హైదరాబాద్–దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు. పై లెక్క ప్రకారం మూడు గంటలా నలభై నిమిషాలు. వెళ్లేటప్పుడు నాలుగు గంటల దాకా పడుతుంది, వచ్చేటప్పుడు మూడున్నరకే వచ్చేస్తారు. పైన పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలులు చలికాలంలో ఉత్తర భారతం, అరేబియా మీదుగా ఉధృతంగా ఉంటాయి. పడమరకు పోయే విమానానికి అవి ఎదురు, తూర్పుకు వచ్చేదానికి వెన్నుదన్ను. పుదుచ్చేరి–హైదరాబాద్ విమానం ఉత్తర దక్షిణాలుగా పోతుంది కనుక, పైగా అంత ఎత్తుకు ఎక్కదు కనుక, గాలి పక్కనుంచి తగులుతుందే తప్ప సమయాన్ని పెద్దగా మార్చదు.

గల్ఫ్ ప్రయాణంలో ఇంకో చిక్కు గడియారం. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. హైదరాబాద్‌లో పొద్దున 10 గంటలకు బయల్దేరిన విమానం నాలుగు గంటలు ఎగిరి మన టైమ్ మధ్యాహ్నం 2 గంటలకు దిగితే, అక్కడ అప్పటికి 12.30. టికెట్ చూస్తే రెండున్నర గంటల ప్రయాణంలా ఉంటుంది. తిరుగు ప్రయాణంలో దుబాయ్‌లో 10కి ఎక్కి మూడున్నర గంటలు కూర్చుంటే మన టైమ్ మధ్యాహ్నం 3; కాగితం మీద అయిదు గంటలు. టికెట్ మీద రాసే గంటలన్నీ ఏ ఊరివి ఆ ఊరివే. ప్రయాణ సమయం కావాలంటే ముందు రెండిటినీ ఒకే ఊరి గడియారానికి మార్చుకోవాలి. బీపీ మాత్రలు, ఇన్సులిన్ వేళకు తీసుకోవలసిన పెద్దవాళ్లు కొడుకుల దగ్గరకు వెళ్లేటప్పుడు ఈ చిన్న తీసివేత తప్పకుండా చేసుకోవాలి.

మళ్లీ పుదుచ్చేరికి వద్దాం. గంటా ముప్పావు అయిదు గంటలెలా అవుతుందో చూద్దాం. ఊరి నడిబొడ్డు నుంచి లాస్‌పేటకు ఇరవై నిమిషాలు చాలు. చెక్–ఇన్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు కనుక గంటన్నర ముందు చేరాలి. ఎగరడం గంటా ముప్పావు. శంషాబాద్‌లో పెట్టె తీసుకుని బయటపడటానికి అరగంట. అక్కడినుంచి నగరంలోకి గంట, ట్రాఫిక్‌ను బట్టి ఇంకొంచెం. కూడితే అయిదు గంటలు దాటింది.

ఇదే మనిషి వేగవంతమైన జెట్ కోసం చెన్నై వెళ్తే? పుదుచ్చేరి నుంచి చెన్నై విమానాశ్రయానికి రోడ్డున దాదాపు 140 కిలోమీటర్లు. కారుకు మూడు గంటలు వేసుకోవాలి. చెన్నై విమానాశ్రయమున్న మీనంబాకం పెద్దది, కనీసం గంటన్నర ముందుండాలి. ఎగరడం గంటంబావు. తర్వాత శంషాబాద్ అరగంట, నగరం గంట ఎలాగూ ఉన్నవే. మొత్తం ఏడు గంటలా పావు. జెట్‌లో కూర్చున్నవాడు ఆకాశంలో అరగంట మిగిల్చుకుని, నేల మీద రెండు గంటలా నలభై నిమిషాలు ఎక్కువ పోగొట్టుకున్నాడు. నా దృష్టిలో ప్రయాణికులు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. టికెట్ మీద కనిపించే సమయాన్ని పోల్చి చూస్తాం, ఇంటినుంచి ఇంటికి పట్టే సమయాన్ని పోల్చం. పొట్టి దూరాలకు విమానం వేగం కంటే విమానాశ్రయం ఇంటికెంత దగ్గరన్నదే ముఖ్యం.

కానీ దగ్గరున్న విమానాశ్రయంలో విమానం ఉండాలి కదా. పుదుచ్చేరి కథంతా అదే. కొత్త టెర్మినల్ కట్టాక 2013 జనవరిలో బెంగళూరుకు సర్వీసు మొదలైంది, ఏడాది పైచిలుకు నడిచి ఆగింది. 2015లో ఇంకొకటి వచ్చి కొన్ని నెలలకే పోయింది. 2017లో హైదరాబాద్ సర్వీసు వచ్చింది. 2020లో కోవిడ్‌తో అన్నీ నిలిచిపోయాయి. 2022 మార్చిలో మళ్లీ మొదలై, 2024లో మళ్లీ ఆగాయి. 2024 డిసెంబరు 20న ఇండిగో ఏటీఆర్‌తో బెంగళూరు, హైదరాబాద్ సర్వీసులు ప్రారంభించింది. ఉడాన్ లాంటి పథకంలో సగం సీట్లకు టికెట్ ధర మీద పరిమితి పెట్టి, ఆ నష్టాన్ని ప్రభుత్వం మూడేళ్ల పాటు భరిస్తుంది. ఆ గడువు ముగిసేలోగా సీట్లు సొంతంగా నిండే అలవాటు రావాలి. రాకపోతే విమానం ఇంకో ఊరికి పోతుంది. విమానం లేని రోజుల్లో పుదుచ్చేరి–హైదరాబాద్ మధ్య దూరం 600 కిలోమీటర్లే, సమయం మాత్రం ఏడు గంటలు, లేదా చెన్నై మీదుగా రైల్లో ఒక రాత్రి.

ఇక్కడిదాకా హైదరాబాద్ గురించే చెప్పాను. పుదుచ్చేరి ప్రభుత్వంతో రోజూ పనుండే తెలుగువాళ్లు మాత్రం హైదరాబాద్‌లో లేరు, యానాంలో ఉన్నారు. గోదావరి ఒడ్డున, కాకినాడకు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరు ఫ్రెంచి పాలన నుంచి 1954లో బయటపడి, 1962 ఆగస్టు 16న చట్టబద్ధంగా భారతదేశంలో కలిసింది. అప్పటినుంచీ పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. 2011 జనాభా లెక్కల్లో 55,626 మంది. ముప్పైమంది ఎన్నికైన సభ్యులున్న శాసనసభలో వీళ్లకు ఒక స్థానం. సచివాలయం, శాసనసభ, విశ్వవిద్యాలయం, జిప్మర్ ప్రధాన ఆసుపత్రి అన్నీ పుదుచ్చేరిలో. ఒక ఫైలు కదలాలన్నా, ఒక సీటు కోసం కౌన్సెలింగ్‌కు పోవాలన్నా దూరం వీళ్లకు నిత్య జీవితంలో భాగం.

ఎంత దూరం? మన పద్ధతిలోనే లెక్కేస్తే ఉత్తరానికి 531 కిలోమీటర్లు, తూర్పుకు 257. సరళరేఖ 590 కిలోమీటర్లు. ఆశ్చర్యంగా, ఇది ఇంచుమించు హైదరాబాద్ దూరమంతే ఉంది. స్కేలు పెట్టి చూస్తే ఈ గీత చెన్నై తీరానికి కాస్త అవతల బంగాళాఖాతంలోకి పోయి, దారంతా నీళ్ల మీదే సాగి, కోనసీమ తీరం దగ్గర మళ్లీ నేల తాకుతుంది. రోడ్డు మాత్రం తీరాన్ని చుట్టుకుని పోవాలి, దాదాపు 840 కిలోమీటర్లు. ఇంకో ముచ్చట. భారత ప్రామాణిక సమయాన్ని నిర్ణయించే 82.5 డిగ్రీల రేఖాంశానికి యానాం దాదాపు ఆనుకునే ఉంది, పుదుచ్చేరి ఇంకా పడమట. రెండు ఊళ్ల రేఖాంశాల తేడా 2.4 డిగ్రీలు, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున యానాంలో సూర్యుడు నడినెత్తికి రావడం పుదుచ్చేరి కంటే తొమ్మిదిన్నర నిమిషాలు ముందు. రెండు చోట్లా గడియారం ఒక్కటే, పరిపాలనా ఒక్కటే.

యానాంకు దగ్గర విమానాశ్రయం రాజమండ్రి పక్కన మధురపూడి, రోడ్డున 80 కిలోమీటర్ల లోపు. పుదుచ్చేరి నుంచి మధురపూడికి సరళ దూరం 609 కిలోమీటర్లు. ఆ దారిలో నేరుగా పోయే విమానం లేదు. హైదరాబాద్ మీదుగా పోవచ్చు: 600 కిలోమీటర్లు పడమర వంకగా పైకి పోయి, అక్కడ దిగి, మళ్లీ 360 కిలోమీటర్లు తూర్పుకు. మొత్తం 960. గాలిలో 350 కిలోమీటర్లు వృథా. అసలు నష్టం మధ్యలో కూర్చోవడంలో ఉంది. లాస్‌పేటకు, అక్కడ వేచి ఉండటానికి రెండు గంటల లోపు, హైదరాబాద్‌కు గంటా ముప్పావు, తర్వాతి విమానం కోసం రెండు మూడు గంటలు, రాజమండ్రికి గంటంబావు, పెట్టె కోసం ఇరవై నిమిషాలు, యానాంకు రెండు గంటలు. అన్నీ కుదిరితే తొమ్మిది, పది గంటలు. వేళలు కుదరకపోతే హైదరాబాద్‌లో రాత్రి బస. చెన్నై దాకా రోడ్డున పోయి అక్కడినుంచి రాజమండ్రి విమానం ఎక్కినా ఎనిమిదిన్నర, తొమ్మిది గంటలకు తగ్గదు. అందుకే సామాన్యులు పుదుచ్చేరి–కాకినాడ సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, రాత్రి నిద్రపోయి, పొద్దున కాకినాడలో దిగి బస్సు పట్టుకుంటారు. గంటలు ఎక్కువే అయినా దిగి ఎక్కే బాధ లేదు, ఖర్చు తక్కువ, పడుకుని వెళ్లొచ్చు. పది గంటల విమానంతో పోల్చి చూస్తే ఇది తెలివైన ఎంపికేనని నేననుకుంటాను.

నేరుగా ఒక ఏటీఆర్ పుదుచ్చేరి నుంచి మధురపూడికి ఎగిరితే ఎంత పడుతుంది? 609ని 480తో భాగించి అరగంట కలిపితే గంటా నలభై ఆరు నిమిషాలు. ఇంటినుంచి ఇంటికి ఆరు గంటల లోపు. పొద్దున యానాంలో బయల్దేరినవాళ్లు పుదుచ్చేరిలో ఆఫీసులు మూసేలోగా చేరొచ్చు. దీనికి లాస్‌పేట రన్‌వే ఒక్క మీటరు కూడా పెరగక్కర్లేదు. 1,500 మీటర్ల మీద ఏటీఆర్ ఇప్పుడూ ఎగురుతోంది, మధురపూడిలో రన్‌వే మూడు కిలోమీటర్ల పైనే ఉంది. ఒక్క యానాం జనం డెబ్బైకి పైగా సీట్లు రోజూ నింపలేరు, నిజమే. కాకినాడ, రాజమండ్రి, కోనసీమ నుంచి జిప్మర్‌కు వచ్చే రోగులు, అరవిందాశ్రమానికి వచ్చేవాళ్లు, విశ్వవిద్యాలయంలో చదివే పిల్లలు తోడైతే వారానికి మూడు రోజులైనా నడపొచ్చేమో, ఆ లెక్క వేసి చూడవలసింది పుదుచ్చేరి ప్రభుత్వం. రాజధానికి 590 కిలోమీటర్ల అవతల తన పౌరులను పెట్టుకున్న ప్రభుత్వం అదే కనుక.